ఇల్లు మారువేళ ఇంటి పాతసామగ్రి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పినారు గాని, ఇల్లు ఖాళీ చేసి చూడు అని చెప్పలేదు. వారి కాలమున ఆ అవసరము అరుదు. తాత పుట్టిన గదిలోనే మనుమడు పుట్టెడివాడు. అటకమీద పెట్టిన వస్తువు అటకమీదనే ఉండెడిది. దానిని దింపువారు లేరు, లెక్కించువారు అంతకంటెను లేరు. నేడు చోడవరమున స్వయంభూ విఘ్నేశ్వరుని కోవెల చుట్టుపట్ల వీధులలో నడచి చూచినచో, పెంకులు దింపుచున్న మండువా లోగిలి ఒకటియైనను కంటబడక మానదు. ఈ ఊరు 2022వ సంవత్సరము ఏప్రిలు వరకు విశాఖపట్టణము జిల్లాలో ఉండి, అటుపిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినప్పుడు ఊరిలోని ఒక్క చెంబునైనను కదలింపవలసిన పని లేకపోయినది. ఇల్లు మారినప్పుడు అట్లు కాదు.

విశాఖపట్టణమున మూడుగదుల వాటా కొనుక్కొని, చోడవరములోని లోగిలి విడిచిపోవు గృహస్థు నొకనిని మనస్సులో ఉంచుకొనుడు. అతని కుమారుడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయుచుండును. క్రొత్త వాటాలో అటక లేదు, పెరడు లేదు, నేలమాళిగ అసలే లేదు. లోగిలిలో ఉన్నవేమనగా: పందిరిమంచము ఒకటి, తలుపు తీయుటకు ఇద్దరు పట్టవలసిన భోషాణము ఒకటి, రాగి గంగాళములు, ఇత్తడి గుండిగలు, కంచు తపేలాలు, దీపపు సెమ్మెలు, మరచెంబులు, ఉగ్గుగిన్నెలు, వామనగుంటల పీట, తిరగలి, గ్రామఫోను పెట్టె, దానితో పద్యనాటకముల రికార్డులు, గుడ్డలో చుట్టిన తాటాకుల కట్టలు రెండు, బీరువా నిండ పాత పత్రికలు, గోడకు రవివర్మ పటములు. పెరటిలో ఎప్పుడో బెల్లము వండిన ఇనుప పెనము బోర్లించి ఉండును. చెరకు పండు ఈ సీమలో ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టిన ఆ పెనమును పురాతన వస్తువని ఎవ్వరును అనరు. వెండి పన్నీరుబుడ్డిని మాత్రము అందరును అందురు.

సామాను బండి వచ్చుటకు పదిదినముల ముందు ఆ గృహస్థునకు మెలకువ కలుగును. అప్పటికే వీధిలో కబురు ప్రాకియుండును. పాతసామానులు కొనువాడు త్రాసుతో సహా గుమ్మములో నిలబడును. వాడు దుర్మార్గుడని కాదు. వాని వృత్తి అది. వానికి గంగాళము గంగాళము కాదు, ఇన్ని కిలోల రాగి. అంచున చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరములు వానికి కనబడవు. కనబడినను తూకములో చేరవు.

ఆ అక్షరములను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసి ఉన్నది. ఆంధ్రదేశమున పెండ్లికి పుట్టింటివారు సారెగా ఇచ్చిన పాత్రలమీద పేరు కొట్టించుట వాడుక. ఒకదానిమీద కన్యపేరు, ఇంకొకదానిమీద మేనమామ పేరు, కొన్నిటిమీద తేదీయు ఉండును. చదువు రాని స్త్రీల పేర్లు కూడ ఈ పాత్రలమీద ఉన్నవి. జననమరణముల పట్టీలు సరిగా లేని కాలమున పుట్టి, ఏ దస్తావేజుమీదను వేలిముద్రయైనను వేయక కాలము చేసిన ముత్తవ తన పేరును ఈ లోకమున ఒక్క గుండిగ అంచున విడిచిపోయినది. ఆ గుండిగ కరగినచో ఆ పేరు కరగును. కాగా ఇంటి సామాను అమ్ము నిర్ణయము సాధారణముగా మగవారు చేయుదురు. అమ్మబడు వస్తువులలో సగమునకు పైగా స్త్రీల సారె. ఈ మాట వినుటకు కటువుగా ఉండవచ్చును. ఉన్నను, బేరమునకు ముందు ఇంటి ఇల్లాలిని, మెట్టినింటికి పోయిన ఆడపడుచులను అడుగవలెననుట మర్యాదమాత్రమే కాదు, న్యాయము. మా అమ్మ చెంబు ఏమైనది అని పదేండ్లకు ఆడపడుచు అడిగినప్పుడు, దానికి బదులుగా వచ్చిన స్టీలు డబ్బాను చూపించు అన్నగారి ముఖము ఎట్లుండునో వేరుగ వర్ణింప నక్కరలేదు.

సరే, అమ్మవలసినవి అమ్మకతప్పదు. అన్నిటిని మోసికొనిపోవుట అసాధ్యము. ప్రతి వస్తువును దేవతార్చనలో పెట్టుకొని పూజింపుమనుటయు వివేకము కాదు. అమ్మువాడు కనీసము తాను అమ్ముచున్నదేదో తెలిసి అమ్మవలెను. ఇత్తడి రాగియు తుత్తునాగమును కలిసినది. కంచు రాగియు తగరమును కలిసినది. అందు తగరము ఇంచుమించు అయిదవవంతు ఉండును. తుత్తునాగముకంటె తగరము ఎన్నోరెట్లు ఖరీదైన లోహము. కనుక కంచును ఇత్తడి ధరకు ఇచ్చినవాడు తెలియకయే దానము చేసినవాడగును. కొట్టి చూచినచో కంచు చాలసేపు మ్రోగును, ఇత్తడి త్వరగా ఊరకుండును. గట్టిగా పడవేసినచో కంచు పగులును, ఇత్తడి సొట్టపడును. ఈ రెండవ పరీక్ష ఎవ్వరును చేయకుందురుగాక!

నాణెముల సంగతి అట్టిదే. ముంతలో దాచిన పాత రూపాయలన్నియు వెండివే అను నమ్మకము ఇండ్లలో ఉన్నది. విక్టోరియా రాణి నాటినుండి 1939వ సంవత్సరపు ముద్రవరకు రూపాయి తులము ఎత్తు, అనగా సుమారు 11.66 గ్రాములు, అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. యుద్ధకాలమున, 1940 నుండి, వెండి సగమునకు దిగినది. 1947 నాటి రూపాయి పూర్తిగా నికెలు. మూడును చేతికి ఒకే తీరుగా తోచును. ముంతను బోర్లించి ఒకే ధరకు ఇచ్చుటకు ముందు సంవత్సరములు చదివి మూడు కుప్పలు పోసికొనుట పిల్లలుకూడ చేయదగిన పని. వానిని చింతపండుతో తోమకుండుట పెద్దలు చేయదగిన పని. సేకరించువారు కాలము పూసిన మకిలిని చూచియే వెల కట్టుదురు, తోమిన నాణెము వారి దృష్టిలో గాయపడిన నాణెము.

దీనికి వ్యతిరేకమైన భ్రమ ఇంకొకటి ఉన్నది. సీతారామలక్ష్మణుల పట్టాభిషేకము గాని ఆంజనేయుడు గాని ఉండి, వెనుకవైపున ఈస్టిండియా కంపెనీ పేరును 1818 అను సంవత్సరమును ఉన్న రాగికాసులను చూపి, ఇవి లక్షలు పలుకునని చెప్పుకొందురు. కంపెనీవారు అట్టి నాణెమును ఎన్నడును ముద్రింపలేదు. అవి తరువాతికాలమున భక్తులకొరకు, తీర్థములలో అమ్మకమునకు చేయించిన బిళ్లలు. పూజలో ఉంచుకొనుటకు అభ్యంతరము లేదు, బేరమునకు మాత్రము పనికిరావు. ఇక బియ్యపుగింజలను లాగు మహిమగల పాత రాగిచెంబు ఉన్నదని, దానిని పరీక్షించుటకు ముందుగా కొంత సొమ్ము కట్టవలెనని వచ్చు పెద్దమనుష్యులు తెలుగుజిల్లాలలో పోలీసువారికి చిరపరిచితులు. చదువుకొన్నవారుకూడ ఈ చెంబునకు లోబడి ఆస్తులు పోగొట్టుకొనుట విచారకరము. చెంబు బియ్యమును లాగదు. ఆశ మనిషిని లాగును.

పాత ఇల్లు పడగొట్టునప్పుడు గోడలోనో గడపక్రిందనో లంకెబిందెలు దొరకుననుట ఊరూర వినబడు కథ. కథ ఎట్లున్నను, చట్టము ఉన్నది. 1878వ సంవత్సరపు నిక్షేపముల చట్టము ఇప్పటికిని అమలులో ఉన్నది. నేలలో గాని, నేలకు అంటియున్న కట్టడములో గాని దాగియున్న విలువగల వస్తువు ఏదైనను నిక్షేపమే. దాని విలువ పది రూపాయలకు మించినచో దొరికినవాడు కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆ నాటి పది రూపాయలు ఒక కుటుంబమునకు చాలనాళ్లు గడచు సొమ్ము. నేడు ఒక టీ ఖరీదు. అంకె మాత్రము మారలేదు. తెలిపినవాడు నష్టపోడు: విచారణలో హక్కుదారు లేడని తేలినచో, వేరు ఒడంబడిక లేనప్పుడు దొరికినవానికి నాలుగింట మూడుపాళ్లు, స్థలముగలవానికి ఒక పాలు వచ్చును. ప్రభుత్వమే తీసికొనదలచినచో వస్తువు విలువకు అయిదవవంతు కలిపి ఇయ్యవలెను. దాచినవాడు తన పాలు కోల్పోవుటయే గాక చెరసాలకును పోవచ్చును. ఇల్లు పడగొట్టు మేస్త్రీయు, స్థలము యజమానియు ఈ సంగతి ముందే తెలిసికొని యున్నచో అర్ధరాత్రి పంపకములు, అటుపిమ్మట తగవులు కొన్నియైనను తప్పును.

భూమిలో దొరికినది కాక, ఇంట తరతరములుగా ఉన్న వస్తువులకు వేరే చట్టము. 1972లో చేయబడి 1976 ఏప్రిలు 5వ తేదీనుండి అమలునకు వచ్చిన పురావస్తువుల, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన శిల్పము, చిత్రము, నాణెము, కళాత్మకమైన పనితనముగల వస్తువు పురావస్తువు. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విషయమున విలువగల వ్రాతప్రతికైనచో డెబ్బదియైదేండ్లు చాలును. ఇంట ఉంచుకొనుటను చట్టము నిషేధింపలేదు. శిల్పములను, చిత్రములను, బొమ్మలు వ్రాసిన తాళపత్రములను కేంద్రప్రభుత్వ పురావస్తుశాఖ అధికారివద్ద నమోదు చేయించవలెను. చేయించినది చేతులు మారినప్పుడు ఆ మార్పును తెలుపవలెను. ఇట్టి వస్తువుల వ్యాపారము చేయువానికి అనుమతిపత్రము ఉండవలెను. దేశము దాటించుట ప్రభుత్వమునకు, దాని అనుమతిగల సంస్థకు తప్ప ఎవ్వరికిని కూడదు; దాటించినవానికి ఆరు నెలలకు తక్కువకాని, మూడేండ్లవరకు పోదగిన శిక్ష. అమెరికాలోని కుమారుడు, నాన్నగారూ, ఆ పంచలోహపు కృష్ణుని ఈసారి వచ్చునప్పుడు తెండు అని ప్రేమతో వ్రాయవచ్చును. ఆ కృష్ణుడు ముత్తాతల నాటివాడైనచో, పెట్టెలో పెట్టుటకు ముందు తండ్రి ఈ చట్టమును ఒకసారి తలచుకొనవలెను.

ఈ జిల్లావారు ప్రత్యేకముగా ఎరుగవలసినది దంతపు పెట్టెల కథ. 18వ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు చేసిన దంతపు పొదుగుడు సామాను లోకమున మిక్కిలి ప్రసిద్ధము. భీమునిపట్టణమున డచ్చివారు, విశాఖపట్టణమున ఇంగ్లీషువారు వర్తకశాలలు పెట్టుకొన్న పిమ్మట, ఆ దొరల నమూనాలకు ఇక్కడి వడ్రంగులు కుర్చీలు, మేజాలు, అద్దపుపెట్టెలు చేసి, ఏనుగుదంతపు పలకలు తాపి, వానిమీద తీగలు, పువ్వులు, మేడలు సన్నగా గీసి, ఆ గీతలలో నల్లని లక్క నింపిరి. తరువాత, 19వ శతాబ్దమున, మంచిగంధపు పెట్టెలకు దంతము, ఎనుబోతుకొమ్ము, తాబేటిచిప్ప, ఏదుపంది ముల్లు తాపి చిన్న చిన్న కుట్టుపెట్టెలు, వ్రాతపెట్టెలు చేసిరి. దొరలు ఉద్యోగము ముగిసి స్వదేశమునకు పోవునప్పుడు బరువైన సామానును వేలము వేయించి, ఈ పెట్టెలను మాత్రము వెంట తీసికొనిపోయిరి. ఇల్లు మారువాని బుద్ధి ఏ దేశమునను ఒకటే! అట్లు పోయినవి నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో ఉన్నవి. వేలపుశాలలలో మిక్కుటమైన ధరలు పలికినవి. చేసినవారి పేర్లు మాత్రము పెట్టెలమీద లేవు.

ఇక్కడ మిగిలిన పెట్టె ఏదైనను ఒక ఇంట ఉన్నచో, లండను ధర విని ఇంటివాడు ఉప్పొంగవచ్చును. కాని 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986లో వచ్చిన సవరణ స్వదేశపు దంతముతో వ్యాపారమును, 1991లో వచ్చిన సవరణ విదేశములనుండి తెచ్చిన దంతముతో వ్యాపారమును నిషేధించినవి. ఇంగ్లాండులోకూడ 2018లో చేసిన దంతచట్టము 2022 జూనునుండి అమలునకు వచ్చి, కొన్ని మినహాయింపులతో, బేరములను కట్టడి చేసినది. కనుక విశాఖ దంతపు పెట్టె విశాఖలో అమ్మరాని వస్తువు. అది వారసత్వముగా చేతులు మారవచ్చును. పొందిన వారసుడు తొంబది దినములలో అటవీశాఖ పెద్ద అధికారికి ఆ సంగతి తెలుపవలెను. ఏనుగులు బ్రతుకవలెనన్నచో ఈ కాఠిన్యము తప్పదు. పెట్టె పాతది కదా, ఆ ఏనుగు చచ్చి రెండువందల ఏండ్లైనది కదా అను వాదము నోటికి తియ్యగా ఉండును. పాతదంతమని పేరు పెట్టి క్రొత్తదంతమును అమ్ముటకు ఆ వాదమే దారి చేసినది.

తాళపత్రములకు వత్తము. ఇల్లు ఖాళీ చేయునప్పుడు అన్నిటికంటె ముందుగా బయటపడవేయబడునవి ఇవియే. అమ్మిన తూకము రాదు, చదువుట ఎవ్వరికిని రాదు. కాలబెట్టుటకు భయము. అందుచేత మూటకట్టి పుష్కరములలో గోదావరిలో విడుచుట పుణ్యమని కొందరు తలచినారు. విడిచినది ఏ గ్రంథమో విడిచినవారికే తెలియదు. నన్నెచోడుని కుమారసంభవము వందలయేండ్లు మరుగునపడి, తంజావూరు గ్రంథాలయమున తాళపత్రప్రతిగా మిగిలియుండి, మానవల్లి రామకృష్ణకవిగారి కంటబడి 1909లో అచ్చెక్కుట ప్రారంభమైనది. ఆ ప్రతిని దాచిన ఏ గుమాస్తాయో ఇల్లు శుభ్రము చేయు ఉత్సాహముగలవాడైనచో తెలుగువారికి ఆ కావ్యము లేదు.

సేకరించినవారు ఇల్లు విడిచినప్పుడు ఆ సేకరణ ఏమగునను ప్రశ్నకు చరిత్రలో రెండు మూడు మంచి సాక్ష్యములు ఉన్నవి. 1783లో ఇండియాకు వచ్చి, 1815లో సర్వేయరు జనరలైన కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశమంతటను వ్రాతప్రతులు, శాసనముల నకళ్లు, నాణెములు, కైఫీయతులు కూర్పించెను. ఏలూరునకు చెందిన కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఈ పనిలో అతనికి కన్నులును నాలుకయు అయిరి. మెకంజీ 1821లో మరణించెను. అతని భార్యకు మిగిలినది ఈ కాగితపు కొండ. కంపెనీ ప్రభుత్వము ఆమెకు లక్షరూపాయలిచ్చి అంతయు కొనెను. విల్సను పండితుడు 1828లో పట్టిక అచ్చువేసెను. కొన్ని లండనునకు పోయినవి, కొన్ని మద్రాసునకు వచ్చినవి. పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమును వేడెను. వస్తువులకు లక్ష దొరకినది. వానిని చదువగలిగిన మనిషికి ఆ పని దొరకలేదు. ఈ వృత్తాంతములో వితంతువును తప్పుపట్టుటకు వీలులేదు. ఆమె విడివిడిగా అమ్మక మొత్తముగా అమ్మినది, తూకమునకుగాక చదువునకు అమ్మినది. అందువలననే గ్రామముల కైఫీయతులు నేటికిని మిగిలినవి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దారి వేరు. అతడు కడపలో బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులకు జీతములిచ్చి, తెలుగుకావ్యముల ప్రతులను తెప్పించి సరిచూపించెను; దానికై అప్పులుకూడ చేసెను. 1855లో ఈ దేశము విడుచుటకు చాలముందే ఆ ప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి దానము చేసెను. తాను చూచుచుండగనే, తన పట్టికతో, తన చేతులతో అప్పగించెను. మెకంజీవియు బ్రౌనువియు తరువాత మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున ఒకే కప్పుక్రిందికి చేరినవి.

మూడవ సాక్ష్యము హైదరాబాదునది. నిజామువద్ద 1912 నుండి 1914 వరకు దివానుగా ఉన్న మూడవ సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ అలీఖాను, పదవి విడిచిన పిమ్మట జీవితమంతయు వస్తువులు కూర్చుటలోనే గడపెను. పెండ్లి చేసికొనలేదు, వీలునామా వ్రాయలేదు. 1949 మార్చిలో అతడు మరణించునప్పటికి దివాన్ దేవిడీ గదులన్నియు నిండియున్నవి; బంధువులు హక్కులకై వచ్చిరి. ప్రభుత్వము ఆస్తిని ఒక సంఘము చేతిలో పెట్టి, ఆ సౌధములోనే మ్యూజియము ఏర్పరచగా 1951 డిసెంబరు 16న నెహ్రూగారు తెరచిరి. 1961లో పార్లమెంటు చట్టము వలన అది జాతీయప్రాముఖ్యముగల సంస్థయైనది; 1968లో మూసీనది ఒడ్డున క్రొత్తభవనమునకు మారినది. నవాబు కూర్చినదంతయు ఆ క్రొత్తభవనమునకు చేరలేదనియు, మరణమునకును మార్పునకును నడుమ పోయినవి ఎన్నో ఉన్నవనియు ఆ మ్యూజియమును గూర్చి వ్రాసినవారు చెప్పుదురు. అంతటి సంపన్నుని ఇంటనే వస్తువులు పోవుటకు కారణము లేమి కాదు, పట్టిక లేకుండుట.

కావున ఇల్లు మారు గృహస్థునకు మొదటి పని బేరము కాదు, పట్టిక. ఒక నోటుపుస్తకమున వస్తువు, కొలత, తూకము, ఎవరి సారె, ఎవరు తెచ్చిరి, అంచున ఏమి వ్రాసియున్నది, ఇంటి పెద్దలు దానిని గూర్చి ఏమి చెప్పుదురు అనునవి వ్రాయవలెను. నేడు జేబులోని ఫోనుతో ఛాయాచిత్రము తీయుట క్షణములో పని. అమ్మినను పట్టిక మిగులును. అన్నదమ్ముల పంపకములో తగవు వచ్చినప్పుడు ఆ పుస్తకము నలుగురు పెద్దమనుష్యుల పని చేయును. పట్టిక వ్రాయునప్పుడే ఏది ఎవరికి కావలెనో తెలియును; తరచుగా కుమార్తెకు కావలసినది బంగారుపూత డబ్బా కాక, వంటయింటి మసిపట్టిన అట్లపెనమై ఉండును.

పత్రికల విషయమున ఒక మాట. 1902లో పుట్టిన కృష్ణాపత్రిక, 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక, 1924 మొదలు 1991 వరకు వెలువడిన భారతి, వీని పాతసంచికలు బైండు చేయించి దాచుకొన్న ఇండ్లు ఈ సీమలోను ఉన్నవి. చిత్తుకాగితముల కొట్టులో వానికి వచ్చునది సామానుబండి కూలికైనను చాలదు. 1918లో స్థాపింపబడిన వేటపాలెము సారస్వతనికేతనమునకు దూరదేశములనుండి పరిశోధకులు వచ్చుట అక్కడ దొరకు పాతపత్రికల కొరకే. ఒక సంచిక ఎక్కడను లేకుండ ఒక పల్లెయింటి బీరువాలో మాత్రమే మిగిలియుండుట అసంభవము కాదు. అమ్ముటకు ముందు గ్రంథాలయమువారికి ఒక కార్డు వ్రాయుటకు ఎంత సేపు?

అయితే గ్రంథాలయమును కూడ ఒక మాట అనవలసియున్నది. ఇచ్చినవన్నియు పుచ్చుకొనుట ఔదార్యము కాదు. గ్రంథాలయము అటక కాదు. పందిరిమంచమును, గ్రామఫోను పెట్టెను పుచ్చుకొని వరండాలో వాననీటికి పెట్టుట కంటె వద్దని చెప్పుట దాతయెడల గౌరవము. రికార్డులను పుచ్చుకొనదలచినచో నిలువుగా పెట్టుటకు అర ఉండవలెను; అవి లక్కతో చేసినవి, ఒకదానిమీద ఒకటి పేర్చిన బరువునకు క్రిందివి పగులును. తాటాకుకట్టకు నిమ్మగడ్డినూనె పూయుట, పలకలనడుమ వదులుగా కట్టుట, నూలుగుడ్డ చుట్టుట తెలిసిన మనిషి ఒక్కడైనను ఉండవలెను. ప్లాస్టికు సంచిలో ఉంచిన తాటాకు చెమ్మకు బూజుపట్టును. అంత ఏర్పాటు లేనప్పుడు పుచ్చుకొని చెడగొట్టుటకంటె పెద్ద సంస్థకు పంపించుటలో సహాయపడుట మేలు. వ్రాతప్రతులకొరకు 2003లో జాతీయస్థాయిలో ఒక ప్రణాళిక మొదలైనది; ఇంటనుండి కదలింపకయే వాని వివరములు నమోదు చేయుటకును అందు అవకాశము కల్పించిరి. ప్రతి తమవద్దనే ఉండవలెనను కుటుంబములు దీనికి జంకనక్కరలేదు.

పుచ్చుకొన్నదానికి మాత్రము రసీదు ఇయ్యవలెను. దాత పేరు, తేదీ, షరతు ఏమైన ఉన్నచో ఆ షరతు ఆ రసీదులో ఉండవలెను. తాతగారి పుస్తకములను మనుమడు చూచుటకు వచ్చినప్పుడు, అవి ఏవో ఎక్కడనో ఉన్నవండీ అను జవాబు విన్న కుటుంబము మరల ఒక్క కాగితమునైనను ఇయ్యదు.

ఇక ఆ గుండిగల అంచులమీది పేర్లు. వానిని కాపాడుటకు మ్యూజియము కట్టనక్కరలేదు. ఇల్లు మారుచున్న కుటుంబము కబురుపెట్టినచో, గ్రంథాలయమునకు వచ్చు హైస్కూలు పిల్లలు ఇద్దరు పోయి, పలుచని కాగితము అంచుమీద పరచి, పెన్సిలుతో తేలికగా రుద్దినచో అక్షరములు కాగితముమీదికి వచ్చును. శాసనములకు నకలు తీయువారి పనికి ఇది చిన్నపిల్ల. ప్రక్కన పాత్ర తూకము, ఇంటిపేరు, ఊరు వ్రాయవలెను. పాత్ర ఆ తరువాత కూతురింటికి పోవచ్చును, త్రాసు ఎక్కవచ్చును. కాగితము రిజిస్టరులో అంటించియుండును. ఇందుకు కావలసినది ఒక దస్తా కాగితము, రెండు పెన్సిళ్లు, ఒక ఆదివారపు మధ్యాహ్నము. చోడవరములో వచ్చే వేసవిలోపల ఏ ఏ లోగిళ్లు విడువబడునో ఈ సభలో కూర్చున్నవారికే తెలుసును.